నలుగురు పసిపిల్లలకు ఒక ఆయా: డే కేర్ వెతుకులాటలో నా అనుభవం

పాపకు ఆరు నెలలు నిండాక డే కేర్ వెతకడం మొదలుపెట్టాను. ఉద్యోగంలో తిరిగి చేరడానికి ఇంకా మూడు నెలలుంది కదా అని నా ధీమా. మొదటి ఫోన్‌కే అది కాస్తా పోయింది. "మీకు డెలివరీ ఎప్పుడండీ?" అని అడిగారు అవతల. అయిపోయింది, పాపకు ఆరు నెలలు అన్నాను. "అయ్యో, చాలా ఆలస్యం చేశారు. మా దగ్గర కడుపుతో ఉన్నప్పుడే పేరు రాయించుకుంటారు" అన్నారు. పేరే పెట్టని బిడ్డకు పేరెలా రాయిస్తారో నాకైతే తెలీదు.

మొత్తం పద్నాలుగు చోట్లకు ఫోన్ చేశాను. తొమ్మిది చోట్ల ఏడాదిన్నర లోపు పిల్లల్ని తీసుకోమన్నారు. మూడు చోట్ల వెయిటింగ్ లిస్ట్. అందులోనూ ఇప్పటికే అక్కడున్న పిల్లల తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ముందు ఇస్తారట. మిగిలినవి రెండు. ఒకదాని ఫీజు మేము కట్టగలం. రెండోదాని ఫీజు విని మా ఆయన ఫోన్ పెట్టేశాక కూడా కాసేపు ఏమీ మాట్లాడలేదు.

కట్టగలిగినదానికే ముందు వెళ్ళాం. చెప్పి వెళ్ళిన రోజు అంతా ముచ్చటగా ఉంది. గోడల నిండా బొమ్మలు, తుడిచి మెరిపించిన నేల. ఎందుకో మనసొప్పక, రెండు రోజులాగి సాయంత్రం ఐదింటికి చెప్పకుండా వెళ్ళాను. గదిలో పదకొండు మంది పసివాళ్ళు, ఒకే ఒక్క ఆయా. ఒకరికి డైపర్ మారుస్తుంటే ఇంకొకరు గుక్కపట్టి ఏడుస్తున్నారు. చేతులు కడుక్కునే తీరిక లేక ఆమె అదే చేత్తో పాలసీసా అందుకుంది. ఓ మూల టీవీ, దాని ముందు బెల్టు పెట్టిన కుర్చీల్లో నలుగురు. ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. ఒక్క పాపతో ఇంట్లో నేనే సాయంత్రానికి డీలా పడిపోతున్నాను. పదకొండు మందైతే నేను మాత్రం ఏం చేసేదాన్ని?

అప్పటినుంచి ఎక్కడికెళ్ళినా బొమ్మలు చూడటం మానేసి మనుషుల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పిల్లలెందరు, పెద్దలెందరు. పిల్లాడు ఏడిస్తే ఎవరైనా ఎంతసేపటికి వస్తున్నారు. వచ్చినవాళ్ళు కిందకి వంగి మొహంలోకి చూసి మాట్లాడుతున్నారా, దూరం నుంచే కేకేస్తున్నారా. ఆయాలను "ఇక్కడ ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నారు?" అని తప్పకుండా అడిగేదాన్ని. మూడేళ్ళంటే సంతోషం. అందరూ మూణ్ణెల్లంటే టెన్షన్. అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది ఏంటంటే, రోజంతా అక్కడ గడిపేది పాప, డబ్బు కట్టేది నేను. ఎలా ఉందో చెప్పడానికి దానికి మాటలు రావు. బాగోలేని చోటును కూడా బాగుందని నమ్మించడం అందుకే అంత సులువు.

ఇక ఆ రెండోది. నలుగురు పసివాళ్ళకు ఒక ఆయా. ఎక్కడా అరుపుల్లేవు. అది నడిపే ఆవిడ ఫీజు కాగితం ముందు పెట్టగానే ఉండబట్టలేక, "ఇంత లాభం ఏం చేసుకుంటారండీ?" అనేశాను. ఆవిడ కోప్పడలేదు. కాగితం వెనక్కి తిప్పి పెన్ను తీశారు.

"మీ ఆఫీసు ఎనిమిది గంటలు. రానూ పోనూ కలిపితే మేము తెరిచి ఉంచాల్సింది పది, పదకొండు గంటలు. ఒక మనిషి అన్ని గంటలు చేయలేదు. ఆమెకు సెలవులుంటాయి, ఒంట్లో బాగోదు. అంటే నలుగురు పిల్లలకు ఒకరు ఎప్పుడూ ఉండాలంటే నాకు ఒకటిన్నర జీతాలు కావాలి. అద్దె, కరెంటు, సామాను కలిపితే మొత్తం రెండు జీతాల పైమాటే. దాన్ని నలుగురికి పంచండి."

పంచాను. ఒక్కొక్కరికి ఆయా జీతంలో సగం. పాపను చూసుకునే మనిషికి నాతో సమానంగా జీతం ఇవ్వాలంటే నా జీతంలో సగం నేను ఫీజుగా కట్టాలి. నేను పావు వంతే కడతానంటే ఆయాకు నా జీతంలో సగమే వస్తుంది. నేను తక్కువ ఫీజని సంబరపడితే అది ఇంకెవరో తక్కువ జీతంతో బతకడం వల్లే. మధ్యలో ఎవరో దోచుకుంటున్నారనుకుని వెళ్ళాను. ఆ కాగితం మీద దొంగ దొరకలేదు.

పసివాళ్ళను ఎవరూ ఎందుకు తీసుకోరో కూడా అప్పుడే అర్థమైంది. ఉదాహరణకు ఇంగ్లండ్‌లో రెండేళ్ళలోపు పిల్లలైతే ముగ్గురికి ఒకరు ఉండాలని నిబంధన. మూడేళ్ళు దాటితే మామూలుగా ఎనిమిది మందికి ఒకరు సరిపోతారు. అదే ఆయా, అదే జీతం, ఫీజు కట్టేవాళ్ళు రెట్టింపు కన్నా ఎక్కువ. "మా పసిపిల్లల గది నష్టంలోనే నడుస్తుంది. పెద్ద పిల్లల ఫీజుతో లాక్కొస్తున్నాం" అన్నారావిడ.

ఈ చిక్కు గురించి విలియం బౌమోల్, విలియం బోవెన్ అనే ఆర్థికవేత్తలు 1960లలోనే రాశారు. వాళ్ళు చెప్పింది సంగీతకారుల గురించి. నలుగురు కలిసి వాయించే సంగీతానికి రెండొందల ఏళ్ళ కింద ఎంతమంది, ఎంతసేపు కావాలో ఇప్పుడూ అంతే కావాలి. ఫ్యాక్టరీలో యంత్రం వచ్చి ఒక మనిషి పదిమంది పని చేస్తాడు, జీతం పెరుగుతుంది. ఆ జీతాలు చూసి మిగతా పనుల్లోనూ మనుషులు పెంచమంటారు, పెంచకపోతే వెళ్ళిపోతారు. పసిపిల్లను ఎత్తుకోవడానికి మాత్రం ఇప్పటికీ రెండు చేతులే.

ప్రభుత్వం కడితే సరిపోతుంది కదా అన్నాడు మా ఆయన. కెనడాలోని క్యూబెక్‌లో 1997లో అదే చేశారు. తల్లిదండ్రులు రోజుకు 5 డాలర్లు కడితే చాలు, మిగతాది ప్రభుత్వానిది. చాలామంది తల్లులు ఉద్యోగాల్లోకి వచ్చారు. కానీ అడిగేవాళ్ళు పెరిగినంత వేగంగా మంచి సెంటర్లు, శిక్షణ పొందిన మనుషులు పెరగలేదు, వెయిటింగ్ లిస్టులు మిగిలాయి. డబ్బు ఎవరు కట్టినా నలుగురికి ఒక మనిషి కావాల్సిందే.

చివరికి ఆ ఖరీదైన చోటే చేర్పించాం. మొదటి వారం గుమ్మం దగ్గర పాప ఏడుపు, మెట్ల మీద నా ఏడుపు. తర్వాత జలుబులు. జ్వరమొస్తే రానివ్వరు, రాకపోయినా ఫీజు తగ్గించరు. మొదట్లో ఒళ్ళు మండేది కానీ పాప రాలేదని ఆ రోజు ఆయా జీతం ఆగదు కదా. ఆలస్యంగా వస్తే జరిమానా కూడా ఉంది. ఇజ్రాయెల్‌లోని హైఫాలో కొన్ని డే కేర్‌లలో ఇలా జరిమానా పెట్టి చూస్తే, ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులు ఇంకా పెరిగారట. డబ్బు కడుతున్నాం కదా అనుకున్నారు. నవ్వకండి, నేనూ ఒకసారి అలాగే అనుకున్నాను.

చేరిన నాలుగో నెలకు పాప తన ఆయాను చూడగానే నా చంకలోంచి దూకేది. ఏడో నెలలో ఆమె మానేస్తోందని తెలిసింది. బట్టల షాపులో ఇంతకన్నా ఎక్కువిస్తామన్నారట. ఆమెను ఆపాలంటే జీతం పెంచాలి, అందుకు ఫీజు కొంచెం పెంచుతామని మీటింగ్ పెట్టారు. అప్పటికే మాకు కటకటగా ఉంది. మాలో ఎక్కువమంది ఉద్యోగాల్లో కొత్తవాళ్ళే, జీతాలూ అంతంత మాత్రమే. కుదరదని ఒకరన్నారు, ఇంకొకరు వంత పాడారు. ఆ కాగితం మీద లెక్క నాకు గుర్తుంది. అయినా నేను నోరు విప్పలేదు.

నెలాఖరుకి ఆమె వెళ్ళిపోయింది. కొత్తామె మంచిదే. పాప మాత్రం పది రోజులు తలుపు తెరుచుకున్నప్పుడల్లా అటే చూసేదని చెప్పారు.