నగోయాలో ఆగిన మగ్గం

మా ఇంట్లో మగ్గం చప్పుడు ఉన్నట్టుండి ఆగిందంటే పోగు తెగిందని అర్థం. పోచంపల్లిలో ఆ చప్పుడు మధ్యే చదువుకున్నాను, ఆ చప్పుడు మధ్యే నిద్రపోయాను. నాన్న గుంటలో కూర్చునే ముందుకు వంగి, తెగిన కొసలు రెండూ వెతికి పట్టుకుని, ముడి వేసి, మళ్లీ నాడె ఆడించేవారు. ఆ కొద్ది క్షణాల నిశ్శబ్దానికి నా చెవులు ఎంతగా అలవాటు పడ్డాయో, పోయిన నవంబరులో నగోయా వెళ్లేదాకా నాకే తెలియదు.

ఉద్యోగం కోసం జపాన్ వచ్చి యొకొహామాలో రెండేళ్లుగా ఉంటున్నాను. సాఫ్ట్‌వేర్ పనిలో మేము బోర్డు మీద కార్డులు అంటించుకుంటాం, వాటిని వరుస మారుస్తుంటాం. దానికి కాన్‌బాన్ అని పేరు. ఆ మాటను ప్రపంచానికి పరిచయం చేసిన టయోటా కంపెనీ సొంత ఊరు రైల్లో గంటన్నర దూరమే ఉన్నా చూడలేదన్న కొరత ఉండేది. మూడు రోజులు సెలవు పెట్టి షింకన్‌సెన్ బుల్లెట్ రైలు ఎక్కాను.

నగోయా నుంచి మెయితెత్సు రైల్లో ఒక్క స్టేషన్ వెళితే సాకో. దిగి కొంచెం నడవగానే పొడవాటి ఎర్ర ఇటుక గోడలు. అదే టయోటా పరిశ్రమ, సాంకేతిక స్మారక మ్యూజియం. మగ్గాలు కనిపెట్టిన సాకిచి టయోడా 1911లో తన మగ్గాలను పరీక్షించుకోవడానికి కట్టిన నేత కర్మాగారం ఉన్న చోటే 1994లో దీన్ని తెరిచారు. ఇంత పెద్ద కార్ల కంపెనీ మ్యూజియంలో అడుగు పెట్టగానే కారు కనిపిస్తుందనుకుంటాం. ఎదురుగా కనిపించింది గుండ్రటి మగ్గం. సాకిచి 1906లో ఊహించిన యంత్రం. ఆ గదిలో చాలాసేపు నిలబడిపోయాను. మా ఇంటి వృత్తిని ఒక దేశం ఇంత గౌరవంగా గుమ్మంలో నిలబెట్టుకోవడం నేను ఎక్కడా చూడలేదు.

సాకిచి 1867లో ఇప్పటి షిజుఓకా ప్రాంతంలోని ఒక పల్లెలో వడ్రంగి కొడుకుగా పుట్టారు. తల్లి మగ్గం మీద పడే కష్టం చూస్తూ పెరిగారు. 1890లో టోక్యోలో జాతీయ పారిశ్రామిక ప్రదర్శన జరిగితే రోజూ వెళ్లి యంత్రాల ముందు నిలబడేవారట. ఆ ఏడాదే ఒంటి చేత్తో నడిపే కొయ్య మగ్గం తయారుచేశారు, మరుసటి ఏడాది దానికి పేటెంట్ వచ్చింది. ఇది చదువుతుంటే ఆలేరు చింతకింది మల్లేశం గారు గుర్తుకు రాకుండా ఎలా ఉంటారు? ఒక్క చీరకు తొమ్మిది వేల సార్లు చెయ్యి ఆడించి ఆసు పోసే, అంటే నేతకు ముందు మేకుల చుట్టూ నూలు చుట్టే తల్లి భుజం నొప్పి చూడలేక, 1999 నాటికి ఆసు యంత్రం తయారుచేసి దానికి ఆ తల్లి పేరే పెట్టుకున్నారు. మా అమ్మ కూడా అలాగే ఆసు పోసింది. ఇప్పటికీ కుడి చెయ్యి తల మీదకు ఎత్తలేదు. కొడుకులు తల్లుల భుజాలు చూసి కనిపెట్టిన యంత్రాల మీద నాకున్న ప్రేమను నేను దాచుకోను.

నేత విభాగంలో 1924 నాటి జి రకం స్వయంచాలక మగ్గం ముందు ఇరవై మంది దాకా చేరాం. మ్యూజియం ఉద్యోగిని ఒకామె స్విచ్ వేసింది. హాలంతా దద్దరిల్లింది. పేక నూలు అయిపోవస్తుండగా, యంత్రం వేగం ఏ మాత్రం తగ్గకుండానే పాత నాడె బయటికీ కొత్త నాడె లోపలికీ వెళ్లాయి. అందరూ చప్పట్లు కొట్టారు. తరువాత ఆమె నడుస్తున్న మగ్గం మీద ఒక పడుగు పోగును తుంచింది. అంతే, మగ్గం ఆగిపోయింది. ప్రతి పోగుకూ ఒక సన్నని లోహపు రేకు వేలాడుతుంది. పోగు తెగితే రేకు జారుతుంది, రేకు జారితే యంత్రం నిలిచిపోతుంది. ఆ నిశ్శబ్దంలో ఆమె వంగి ముడి వేసింది. నా వేళ్లు జేబులో వాటంతట అవే కదిలాయి.

ఆగడం అనే ఈ చిన్న ఏర్పాటులోనే కంపెనీ ఆలోచనంతా ఉందని నా అభిప్రాయం. మామూలు మరమగ్గానికి పోగు తెగిన సంగతి తెలియదు. తెగిన పోగుతోనే గజాల కొద్దీ పాడు గుడ్డ నేస్తూ పోతుంది. అందుకే పక్కన ఒక మనిషి కాపలా ఉండాలి. తప్పు జరిగిందని యంత్రమే గుర్తుపట్టి ఆగితే, ఒక్క మనిషి ముప్పై మగ్గాలకు పైగా చూసుకోవచ్చు. దీన్ని జిదోకా అంటారు. జపాన్ భాషలో స్వయంచాలకం అనే మాటకు కూడా అదే ఉచ్చారణ. అయితే టయోటా వాళ్లు రాసేటప్పుడు మధ్యలోని 'కదలిక' అక్షరం పక్కన 'మనిషి' గుర్తు చేరుస్తారు. అప్పుడు ఆ అక్షరానికి 'పని' అని అర్థం వస్తుంది.

1929 డిసెంబరులో ఈ మగ్గం హక్కుల కోసం ఇంగ్లండ్‌ లంకాషైర్‌లోని ఓల్డ్‌హామ్‌కు చెందిన నేత యంత్రాల కంపెనీ ప్లాట్ బ్రదర్స్ లక్ష పౌండ్లకు ఒప్పందం చేసుకుంది. మన నేతగాళ్ల నోటి కూడు లాక్కున్నది లంకాషైర్ గుడ్డ అని చిన్నప్పుడు తాతయ్య చెప్పేవారు. ఆ లంకాషైర్ యంత్రాలవాళ్లే ఒక పల్లెటూరి వడ్రంగి కొడుకు దగ్గర మగ్గం కొనుక్కున్నారు. ఆ వాక్యం దగ్గర నాకు గర్వంతో గొంతు పట్టేసింది. ఆ మరుసటి ఏడాదే సాకిచి కన్నుమూశారు.

పక్క భవనంలో కార్లు. సాకిచి కొడుకు కీచిరో 1933లో మగ్గాల కంపెనీలోనే మోటారు విభాగం మొదలుపెట్టి, ఒక షెవర్లే కారు కొని ముక్కముక్కలుగా విప్పించారు. కరిగిన లోహాన్ని అచ్చుల్లో పోసి చేసే ఇంజిన్ పోతలు ఒకదాని తరువాత ఒకటి విఫలమయ్యాయి. 1935లో తొలి నమూనా కారు, ఆ ఏడాది చివర్లో ట్రక్కు వచ్చాయి. అమ్మిన ట్రక్కులు తరచూ దారిలో ఆగిపోయేవి. అవి ఆగిన చోటికి కీచిరో స్వయంగా వెళ్లి చూసేవారు. ఇంటిపేరు టయోడా, అంటే పంట బాగా పండే పొలం. కారుకు పెట్టిన పేరు టయోటా. 1936లో గుర్తు కోసం జనం నుంచి నమూనాలు పిలిచినప్పుడు జరిగిన మార్పు ఇది. జపాన్ లిపిలో టయోటా అని రాయడానికి ఎనిమిది గీతలే చాలు, ఎనిమిది వాళ్లకు శుభసంఖ్య. 1937 ఆగస్టులో విడిగా కంపెనీ ఏర్పడింది.

రాత్రి హోటల్ గది నుంచి నాన్నకు ఫోను చేసి మగ్గం గురించి పూస గుచ్చినట్టు చెప్పాను. అంతా విని ఆయన అడిగింది ఒక్కటే.

"బాగుంది బిడ్డా. ఒక్క మనిషి ముప్పై మగ్గాలు చూస్తే, మిగతా ఇరవై తొమ్మిది మంది ఏమయ్యారు?"

నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్నతోనే మర్నాడు టయోటా నగరం బయలుదేరాను.

నగోయా నుంచి అక్కడికి గంటకు పైగా ప్రయాణం, ఒకచోట రైలు మారాలి. ఆ ఊరి పాత పేరు కొరొమో. పట్టుగూళ్ల వ్యాపారంతో బతికిన ఊరు. పట్టు ధరలు పడిపోయాక 1938లో కీచిరో అక్కడ కర్మాగారం తెరిచారు. కావలసినది, కావలసినప్పుడు, కావలసినంతే తయారుచేయాలన్న మాట ఆయన అక్కడి నుంచే మొదలుపెట్టారు. 1959 జనవరిలో ఊరు తన పేరునే టయోటాగా మార్చుకుంది.

మికావా టయోటా స్టేషన్ నుంచి కొంత నడిస్తే కంపెనీ ప్రధాన కార్యాలయం, పక్కనే టయోటా కైకాన్ ప్రదర్శనశాల. ముందే పేరు నమోదు చేసుకున్నవాళ్లను అక్కడి నుంచి బస్సులో మోటొమాచి ఫ్యాక్టరీకి తీసుకువెళ్లారు. 1959లో ప్రయాణికుల కార్ల కోసమే కట్టిన ఫ్యాక్టరీ ఇది. ఫొటోలు తీయకూడదు. పై నుంచి వేలాడే నడవలో నిలబడి చూశాం. కింద తలుపులు విప్పిన కార్లు నెమ్మదిగా జరుగుతున్నాయి. తలుపులు వేరే వరుసలో తయారై చివర్లో తమ కారునే వెతుక్కుంటూ వస్తాయి. ఒకే వరుసలో రకరకాల కార్లు. ఒకే రకాన్ని గుట్టలుగా చేసి పెట్టుకోకుండా, అమ్మకాన్ని బట్టి కలిపి చేస్తారు.

నా కళ్లు మాత్రం కార్మికుల తలల పైన సాగే తాడు మీదే ఉన్నాయి. ఒక కుర్రవాడు చేతిలోని పని చూసుకుని, ఒక్క క్షణం తటపటాయించి, తాడు లాగాడు. ఒక పాట వినిపించింది, లోపం ఎక్కడో చూపించే అన్‌దోన్ దీపాల బోర్డు మీద పైన అంకె వెలిగింది. వెంటనే బృంద నాయకుడు పరుగున వచ్చాడు. కారు నేల మీద గీసిన గీత దాటేలోగా లోపం సరిచేస్తే వరుస ఆగదు, లేకపోతే ఆగుతుంది. ఆ రోజు సరిచేశారు, పాట ఆగింది. వచ్చిన నాయకుడు కుర్రవాడి ముఖం వైపు చూడలేదు, కారు వైపే చూశాడు. నేను ఇదివరకు పనిచేసిన ఒకచోట, విడుదల ముందు రాత్రి తప్పు కనిపెట్టి చెబితే 'ముందు పోనివ్వు, తరువాత చూద్దాం' అన్నారు. బోర్డు మీద కార్డులు మాత్రం రంగురంగులుగా ఉండేవి. కాన్‌బాన్ కార్డు ఎవరైనా తెచ్చుకోగలరు. తాడు లాగినవాడిని తిట్టకుండా ఉండటమే కష్టం.

ఈ పద్ధతిని ఫ్యాక్టరీలో పాతినవారు తైచీ ఓనో. ఆయన కూడా టయోడా వాళ్ల నూలు కంపెనీ నుంచి వచ్చినవారే. 1947లో యంత్రాల విభాగంలో ఒక్కొక్కరికి రెండేసి యంత్రాలు అప్పగిస్తే పనివాళ్లు ఎదురుతిరిగారు. మా నాన్న ప్రశ్న వాళ్లూ అడిగి ఉంటారు. భాగాలు అయిపోయాకే మళ్లీ తెచ్చుకునే పద్ధతికి ఆయనకు ఆలోచన ఇచ్చింది అమెరికా సూపర్ మార్కెట్. అల్మరాలో ఖాళీ అయినంతే మళ్లీ నింపడం.

ఈ గొప్పలన్నీ చెప్పి ఒకటి చెప్పకపోతే నాన్నకు ముఖం చూపించలేను. 2002లో ఈ ఊళ్లోనే మరో టయోటా ఫ్యాక్టరీలో 30 ఏళ్ల ఉద్యోగి పనిలోనే కుప్పకూలి చనిపోయాడు. అది అతిశ్రమ మరణమేనని 2007లో నగోయా కోర్టు తీర్పు చెప్పింది. పని మెరుగుపరచడానికి ఉద్యోగులు కూర్చుని చర్చించే నాణ్యతా బృందాల సమయాన్ని, అప్పటిదాకా స్వచ్ఛందం అంటూ వచ్చినదాన్ని, కూడా కోర్టు పనిగానే లెక్కించింది. ఆ తరువాతే కంపెనీ ఆ గంటలకు జీతం ఇవ్వడం మొదలుపెట్టింది. కారు కోసం తాడు ఉంది. ఆ మనిషి కోసం ఎవరూ లాగలేదు.

పై అంతస్తుల్లోనూ పోగులు తెగాయి. 2008లో అమ్మకాల్లో జనరల్ మోటార్స్‌ను దాటిన కంపెనీ, రెండేళ్లు తిరక్కుండానే లక్షల కార్లు వెనక్కి పిలవాల్సి వచ్చింది. 2010 ఫిబ్రవరి 24న కీచిరో మనవడు, అప్పటి కంపెనీ అధ్యక్షుడు అకియో అమెరికా కాంగ్రెస్ ముందు కూర్చుని, ఎదుగుదల వేగం మరీ ఎక్కువైందని, భద్రత, నాణ్యత, సంఖ్య అన్న వరుస తారుమారైందని ఒప్పుకున్నారు. ఇంకా బాధపెట్టేది 2024 జనవరి నాటి వార్త. డీజిల్ ఇంజిన్ల ధ్రువీకరణ పరీక్షల్లో అక్రమాలు బయటపడింది ఎక్కడో కాదు, సాకిచి మగ్గాల కంపెనీగా మొదలై ఇప్పుడు టయోటా ఇండస్ట్రీస్‌గా ఉన్న సంస్థలోనే. మన ఊళ్లలో పెళ్లిళ్లకు, తిరుపతి ప్రయాణాలకు అద్దెకు తీసుకునే ఇన్నోవా క్రిస్టా పంపకాలు కూడా కొన్నాళ్లు నిలిచిపోయాయి. తెగిన పోగు దగ్గర ఆగడం ప్రపంచానికి నేర్పిన చోటే ఆగలేకపోయారు.

మూడో రోజు కురగైకె చెరువు దగ్గరికి బస్సులో వెళ్లాను. ఎర్రగా మారిన ఆకుల మధ్య కంపెనీ స్మారక భవనం, దాని ఆవరణలో కీచిరో 1933లో నగోయాలో కట్టుకున్న ఇల్లు. ఆ ఇంటిని తరువాత ఇక్కడికి తరలించారు. ఇల్లు చూడటానికి నేను కాక మరో ఇద్దరే ఉన్నారు.

యుద్ధం ముగిశాక ద్రవ్యోల్బణాన్ని అణచడానికి తెచ్చిన కట్టుదిట్టాలతో 1949లో డబ్బు ఎక్కడికక్కడ బిగుసుకుపోయింది. అమ్మిన ట్రక్కులకు వసూళ్లు లేవు. ఎవరినీ తీసేయనని, బదులుగా జీతాల్లో పదో వంతు కోతకు ఒప్పుకోమని కీచిరో కార్మిక సంఘంతో ఒప్పందం రాసుకున్నారు. బ్యాంకులు అప్పు ఇచ్చాయి, షరతులు పెట్టాయి. అమ్మకాల విభాగాన్ని వేరే కంపెనీగా విడదీయాలి, మనుషులను తగ్గించాలి. 1950 వసంతంలో సమ్మె మొదలైంది. చివరకు 2,000 మందికి పైగా వెళ్లిపోయారు. మాట తప్పినందుకు జూన్ 5న కీచిరో అధ్యక్ష పదవి వదులుకున్నారు. ఆ నెల 25న కొరియా యుద్ధం మొదలైంది, అమెరికా సైన్యం నుంచి వేల ట్రక్కుల ఆర్డర్లు వచ్చిపడ్డాయి. ఇరవై రోజుల తేడా. మగ్గాల కంపెనీ నుంచి వచ్చి పగ్గాలు పట్టిన తైజో ఇషిదా పొదుపుతో కంపెనీని నిలబెట్టారు. బ్యాంకు గుమ్మం ఎక్కకూడదన్న పట్టుదల ఈ కంపెనీకి అప్పుడే ఒంటబట్టింది. కీచిరోను మళ్లీ అధ్యక్షుడిగా పిలిచారు. రావడానికి సిద్ధపడుతుండగానే 1952 మార్చి 27న, 57 ఏళ్ల వయసులో ఆయన చనిపోయారు.

ఆ ఇంటి బయట బల్ల మీద కూర్చుని నాన్నకు ఫోను చేశాను. రెండు వేల మంది సంగతి, రాజీనామా సంగతి చెప్పాను.

"మాట ఇచ్చి తప్పాడన్నమాట" అన్నారు నాన్న. కాసేపాగి, "తప్పానని దిగిపోయాడు కూడా" అన్నారు.

ఫోనులో ఆయన వెనకాల పక్కింటి మగ్గం ఆడుతోంది. ఉన్నట్టుండి ఆగింది. అది మళ్లీ మొదలయ్యేదాకా ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.