నేవీ మామయ్య ఫ్లెక్సీ

పొద్దున్నే అత్తయ్యని తీసుకుని బ్యాంకుకి వెళ్లాను. మామయ్య పెన్షన్ ఇక అత్తయ్య పేరుకి మారాలి. డెత్ సర్టిఫికెట్, పీపీఓ (పెన్షన్ ఆర్డరు) జిరాక్సు, ఆధార్, ఇద్దరూ కలిసి దిగిన ఫోటో, అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని దాని మీద చెయ్యి తియ్యకుండా కూర్చుంది. కౌంటర్లో అబ్బాయి మర్యాదగానే "మాఉసీ, బసంతు" (పిన్నీ, కూర్చోండి) అని కుర్చీ చూపించాడు గానీ కాసేపటికే తేలిపోయింది, పని ఇవాళ అవ్వదని. కారణం కొత్తదేమీ కాదు. నేవీ కాగితాల్లో మామయ్య పేరు ఇంటిపేరుతో మొదలవుతుంది, ఆధార్‌లో ఇంటిపేరు చివరికి పోయింది, అత్తయ్య ఆధార్‌లో అసలు ఇంటిపేరే లేదు, ఓటరు కార్డులో ఒడియాలోంచి ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఒక అక్షరం మారిపోయింది. బరంపురంలో తెలుగు ఇళ్లల్లో పుట్టినవాళ్లు ఏ ఆఫీసు మెట్లెక్కినా చేతిలో ఒక అఫిడవిట్ ఉండాల్సిందే. గంజాం జిల్లా 1936లోనే మద్రాసు నుంచి ఒడిశాకి వచ్చేసింది, మా ఇంటిపేర్లు మాత్రం ఇంకా దారిలోనే ఉన్నాయి.

నాకు చిరాకేసింది, అత్తయ్యకి వెయ్యలేదు. "ఆయన ఉన్నన్నాళ్లూ ఏటా నవంబర్లో బతికే ఉన్నానని చెప్పడానికి వచ్చేవాడు, ఇప్పుడు లేడని చెప్పడానికి కూడా తిరగాలంతే" అంది. బయటికొచ్చి నోటరీ దగ్గర అఫిడవిట్ టైపు చేయించి, ఆటోలో ఇంటికొచ్చేసరికి ఎండ నెత్తికెక్కింది.

డిశ్చార్జి పుస్తకం ఒరిజినల్ కూడా కావాలన్నారు కాబట్టి మధ్యాహ్నం భోజనం అయ్యాక మంచం కింద ట్రంకు పెట్టె లాగాం. ఆకుపచ్చ రేకు పెట్టె, మూత మీద తెల్ల పెయింటుతో నంబరు. లోపల నాఫ్తలీన్ వాసన. పుస్తకం పైనే దొరికింది గానీ అత్తయ్య ఊరుకోదు కదా, అన్నీ తీసింది. 71 యుద్ధం తాలూకు పతకాలు రెండు, సంగ్రామ్ మెడల్, పూర్వీ స్టార్, రిబ్బన్లు రంగు వెలిసి. వాటికి వేరే డబ్బా ఏమీ లేదు, ఒక స్టీలు టిఫిన్ గిన్నెలో పెట్టి ఉన్నాయి. దాని పక్కన మాత్రం ఒక స్టాప్‌వాచ్, పాతకాలం కీ ఇచ్చేది, మెత్తటి గుడ్డలో చుట్టి, ఆ గుడ్డని మళ్లీ సబ్బు పెట్టెలో పెట్టి! ఏది విలువైనదో ఆయన లెక్క అక్కడే తెలిసిపోతోంది.

సరిగ్గా అప్పుడే బెంగుళూరు నుంచి బావ ఫోన్. మామయ్య దగ్గర పరుగు నేర్చుకున్న గ్రౌండు కుర్రాళ్లు ఆదివారం ఆయన పేరు మీద చిన్న పరుగు పెడుతున్నారు, దానికి ఫ్లెక్సీ కావాలి, మేటర్ తనే పంపాడు. వాట్సాప్‌లో చూస్తే పైన పెద్దక్షరాలతో "గాజీని ముంచిన వీరుడు".

ఈ కథ మా వీధిలో ఎప్పట్నుంచో ఉంది. ఎవరు మొదలెట్టారో గానీ, నేవీ మామయ్య అంటే 71 యుద్ధంలో గాజీ అనే పాకిస్తాన్ జలాంతర్గామిని ముంచిన ఓడలో ఉన్నాడు అనేది ఖాయమైపోయింది. ఆయన ఎన్నిసార్లు కాదన్నా జనం దాన్ని వినయం కింద వేసుకునేవాళ్లు. మీరు కాదన్న కొద్దీ మరీ నమ్ముతున్నారు మామయ్యా అని నేనంటే, "ఐతే అవునంటాను, అప్పుడైనా అనుమానం వస్తుందేమో" అనేవాడు.

అసలు సంగతి ఏంటంటే ఆయన విమానాల్ని మోసే ఓడ విక్రాంత్‌లో ఉన్నాడు. కళ్లికోట కాలేజీలో చదువుతూ చదువుతూ మధ్యలో మానేసి 1968లో నేవీలో చేరాడు. ట్రైనింగు ముందు విశాఖలో, తర్వాత లోనావలా దగ్గర ఐఎన్ఎస్ శివాజీలో, ఇంజన్ల పని. పోస్టింగ్ బాయిలర్ రూమ్. గాజీ విశాఖ దాకా వచ్చింది ఆ విక్రాంత్‌ని వెతుక్కుంటూనే. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది, విశాఖ దగ్గర రాజ్‌పుత్ అనే పాత ఓడ తనే విక్రాంత్ అన్నట్టు సిగ్నళ్లు పంపుతూ మభ్యపెట్టింది. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక గాజీ విశాఖ బయట మునిగింది, ఎలా మునిగిందన్న దాని మీద ఇప్పటికీ రెండు దేశాలూ రెండు మాటలు చెబుతాయి. ఆ రాత్రి మామయ్య అక్కడికి వందల మైళ్ల దూరంలో, నీటిమట్టానికి కింద, ఫర్నేసు ఎదురుగా చెమటలు కక్కుతున్నాడు. గాజీ సంగతి ఆయనకి తర్వాతెప్పుడో తెలిసింది.

యుద్ధం ఎలా ఉంది మామయ్యా అని చిన్నప్పుడు అడిగాను. "వేడిగా ఉంది" అన్నాడు. అంతే.

పెద్దయ్యాక మెల్లమెల్లగా లాగాను. విక్రాంత్ బాయిలర్ల డ్రమ్ముల్లో చీలికలు కనపడ్డాయి, యుద్ధానికి ముందు ఏడాదే, వెల్డింగుతో బాగయ్యేవి కావు. ఓడని ఇక కదపలేరన్న మాట కూడా వచ్చిందట. ఐనా ప్రెషర్ తగ్గించుకుని, వేగం తగ్గించుకుని తీసుకెళ్లారు. విమానాల్ని మోసే ఓడకి వేగం తగ్గడమంటే చిన్న విషయం కాదు, డెక్కు మీద ఎదురుగాలి ఎంత ఉంటే విమానం అంత తేలిగ్గా లేస్తుంది. పైగా విమానాన్ని ముందుకి విసిరే కాటపల్ట్ కూడా ఆవిరితోనే పని చేస్తుంది. అంటే డిసెంబర్ 4న కాక్స్‌బజార్ మీదకీ చిట్టగాంగ్ మీదకీ సీ హాక్ విమానాలు వెళ్లాయంటే, కింద ఎవరో చీలికలున్న బాయిలర్ని కనిపెట్టుకుని కూర్చోవడం వల్లే. నాలుగేసి గంటల వాచ్, అంటే డ్యూటీ. విమానం లేవడం మామయ్య ఒక్కటీ చూడలేదు. ప్రెషర్ గేజి మీద ముల్లు కాస్త కిందికి దిగితే, ఆహా పైన ఒకటి లేచింది అనుకునేవాడట. యుద్ధంలో నేను చూసింది ఆ ముల్లే అనేవాడు. నాకైతే గాజీ కథ కన్నా ఈ ముల్లు కథే వంద రెట్లు బాగుంటుంది, కానీ ఫ్లెక్సీ మీద ముల్లుని ఎలా వేస్తాం.

ఇంకోటుంది, దీన్ని మాత్రం ఆయన అడగకపోయినా చెప్పేవాడు. అప్పుడు రాష్ట్రపతి వి.వి.గిరి, త్రివిధ దళాలకీ సుప్రీం కమాండర్. గిరిగారు పుట్టింది మా బరంపురంలోనే, 1894లో. "పైన సుప్రీం కమాండరు మా ఊరోడు, కింద బాయిలర్ రూములో నేనూ మా ఊరోణ్ణే, మధ్యలో ఉన్న ఆఫీసర్లే బయటోళ్లు" అని చెప్పి తనే ముందు నవ్వేసేవాడు. ప్రతి పెళ్లిలోనూ చెప్పాడు. మేము కూడా ప్రతిసారీ నవ్వాం, అందులో బలవంతం ఏమీ లేదు.

ఇంతకీ ఆ స్టాప్‌వాచ్ సంగతి. మామయ్య దృష్టిలో ఆయన జీవితంలో పెద్ద విషయం నేవీ కాదు, ఎనిమిది వందల మీటర్లు. బరంపురం యూనివర్సిటీ 1967లో కొత్తగా వచ్చిన రోజులవి, కాలేజీల మధ్య పోటీల్లో చెప్పుల్లేకుండా గడ్డి మీద సున్నం గీతల మధ్య పరిగెత్తి రెండు నిమిషాల ఒక్క సెకనుకి వచ్చాడు. రెండు నిమిషాల లోపు రావాలని కోరిక. మళ్లీ ఎన్నిసార్లు ప్రయత్నించినా రాలేదు, తర్వాత ఓడెక్కేశాడు, ఓడలో ఎక్కడ పరిగెడతాడు. నాకు తెలిసి మనిషికి పశ్చాత్తాపం లాంటిది ఉందంటే ఆ ఒక్క సెకను మీదే. పెళ్లి, ఉద్యోగం, పిల్లలు, అమ్ముకున్న పొలం, వేటి గురించీ "అలా చేసి ఉంటే" అనడం నేను వినలేదు.

శ్రీరాం సింగ్ అంటే ప్రాణం. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ 800 ఫైనల్లో శ్రీరాం మొదటి రౌండు అందరికంటే ముందు పరిగెత్తాడు, చివరి రౌండు గంట కొట్టేసరికి ఆయనే ముందు. చివరికి ఏడో స్థానం. గెలిచిన క్యూబా వాడు హువాంతొరేనా ప్రపంచ రికార్డు పెట్టాడు, శ్రీరాం వేసిన ఆ వేగం వల్లే అది సాధ్యమైందని తనే చెప్పాడు. శ్రీరాం టైము 1:45.77. ఆ రికార్డు మన దేశంలో నలభై రెండేళ్లు ఎవరూ దాటలేదు! 2018 జూన్‌లో గువాహటిలో జిన్సన్ జాన్సన్ 1:45.65 చేసి దాటాడు. ఆ రోజు మామయ్య నాకు ఫోన్ చేసి సంతోషపడాలో బాధపడాలో తెలియట్లేదే అన్నాడు. నాకు అప్పుడు ఇంట్లో చుట్టాలు, సరే మామయ్యా తర్వాత చేస్తానని పెట్టేశాను, ఆయన మళ్లీ చేసి మిగతాది చెప్పాడు.

పదిహేనేళ్లు చేసి పెన్షన్‌తో ఊరొచ్చేశాక కొన్నేళ్లు అస్కా చక్కెర మిల్లు బాయిలర్ దగ్గర పని చేశాడు, చెరకు క్రషింగ్ సీజన్లో ఇంటికి వచ్చేవాడే కాదు. అది కూడా మానేశాక గ్రౌండు పట్టుకున్నాడు. పొద్దున్నే నాలుగింటికి లేవడం ఎలాగూ ఉన్నదే. మొదట తనకోసం నడిచేవాడు, తర్వాత ఆర్మీకీ పోలీసుకీ తయారయ్యే కుర్రాళ్లు చేరారు, అందులో తెలుగు పిల్లలెంతమందో ఒడియా పిల్లలంతమంది. తిట్టేటప్పుడు రెండు భాషలూ కలిపి తిట్టేవాడు. డబ్బు తీసుకోలేదు. ఎవరైనా పట్టుకొస్తే అప్పడాల కట్ట మాత్రం తీసుకునేవాడు.

అప్పడాలంటే గుర్తొచ్చింది. మా వీధి చివర అప్పడాలు ఒత్తే ఆవిడ కూతురు నేవీ అగ్నివీర్‌కి రాసింది. పరుగు పరీక్షలో అబ్బాయిలకి 1.6 కిలోమీటర్లు ఆరున్నర నిమిషాలు, అమ్మాయిలకి ఎనిమిది. అంటే ఆ పిల్లకి నాలుగు రౌండ్లు, రౌండుకి రెండు నిమిషాలు. మామయ్యకి ఈ లెక్క భలే నచ్చింది. నా రెండు నిమిషాలు నాకు మిగిల్చిన బాకీ నువ్వు తీర్చు అని ఆ పిల్ల వెంటపడ్డాడు. మొదటి రౌండు తొంభై సెకన్లకి వస్తే మెచ్చుకోడానికి బదులు తిట్టాడు, మూడో రౌండులో ఏం పెట్టి పరిగెడతావని. వాళ్లమ్మకి ఇదంతా ఇష్టం లేదు, పిల్ల నల్లబడిపోతోందని గొడవ. మామయ్య ఆవిడతో వాదించలేదు, అత్తయ్యని పంపించాడు. అత్తయ్య వెళ్లి ఏం చెప్పిందో ఇవాళే అడిగాను. "ఏం చెప్తాను, నా మొగుడు పదిహేనేళ్లు ఎండ లేని చోట పని చేసొచ్చాడు, ఐనా నల్లగానే ఉన్నాడు కదా అన్నాను" అంది.

పిల్లకి ఉద్యోగం వచ్చింది. చిలక నేవీ ట్రైనింగ్ సెంటర్లో పరేడ్ చూడ్డానికి మామయ్య కూడా వెళ్లాడు, కొత్త చొక్కా వేసుకుని, బాలుగావ్ దాకా రైల్లో. అగ్నివీర్ల మొదటి పరేడ్ 2023 మార్చిలో అక్కడే సూర్యాస్తమయం అయ్యాక జరిగింది, దాన్ని టీవీలో చూసి ఊరుకున్నాడు, ఈ పిల్ల బ్యాచ్‌కి మాత్రం పట్టుబట్టి వెళ్లాడు. మా కాలంలో చిలకలో ఏమీ లేదు, ఇప్పుడు ఆడపిల్లలు కవాతు చేస్తున్నారు అని వచ్చాక వారం పాటు చెప్పాడు.

సరే, ఫ్లెక్సీ. సాయంత్రం అత్తయ్య, నేను, గ్రౌండు నుంచి ఇద్దరు కుర్రాళ్లు గిరి రోడ్డు వైపు షాపుకి వెళ్లాం. బావకి ఫోన్ చేసి గాజీ తీసేస్తున్నాం అన్నాను. ఎందుకు, వినడానికి బాగుంది కదా, ఎవడు వెరిఫై చేస్తాడు అన్నాడు. ఎవడూ చెయ్యడు, నిజమే. మామయ్య మాత్రం యాభై ఏళ్లు కాదు కాదు అంటూనే ఉన్నాడు, ఇప్పుడు ఆయన కాదనలేని టైము చూసి రాయడం నాకు నచ్చలేదు, ఆ మాటే చెప్పాను. బావ కాసేపు మాట్లాడలేదు. తర్వాత సరే ఫోటో ఐనా యూనిఫాంలోది పెట్టు అన్నాడు. యూనిఫాం ఫోటో ఉంది గానీ అందులో మామయ్యకి ఇరవై ఏళ్లు, కుర్రాళ్లు ఇదెవరు అన్నారు. చివరికి గ్రౌండులో టోపీ పెట్టుకుని ఎవరినో తిడుతున్న ఫోటో ఖాయం చేశారు.

షాపు అబ్బాయి ఒడియా వాడు, తెలుగు టైపింగ్ వచ్చు గానీ ఒత్తులు పడవు, "విక్రాంత్" మూడుసార్లు చేశాడు. పేరు కింద "ఐఎన్ఎస్ విక్రాంత్, బాయిలర్ రూమ్, 1971" అని వేయించాను. బాయిలర్ రూమ్ ఎందుకు దీదీ, ఒట్టి విక్రాంత్ అంటే చాలు కదా అన్నాడు. ఉండనీ అన్నాను. అప్పటిదాకా స్టూలు మీద కూర్చుని చూస్తున్న అత్తయ్య లేచి వచ్చి, దాని కిందే ఇంకో లైన్ వెయ్యమంది. 800 మీటర్లు, 2 నిమిషాల 1 సెకను.

అబ్బాయి వేశాడు. వేసి, ఇది రికార్డా మాఉసీ, పక్కన కప్పు బొమ్మ పెట్టనా అన్నాడు.

వద్దు బాబూ, రికార్డేమీ కాదు, ఆ ఒకటి మాత్రం పెద్దగా కనపడాలి అంది అత్తయ్య. డబ్బులు నాలుగొందలు అడిగాడు, మూడున్నర వందలకి ఒప్పించి వచ్చాం.