నేనింకా అక్కడే పనిచేస్తున్నానట

ఆఫర్ లెటర్ వచ్చిన నాలుగో రోజున కొత్త కంపెనీ హెచ్‌ఆర్ అమ్మాయి ఫోన్ చేసి, "మేడమ్, మీరు ఇప్పుడు రెండు కంపెనీల్లో పనిచేస్తున్నారా?" అని అడిగింది. ఒక్క ఉద్యోగానికే ప్రాణం పోతోంది తల్లీ అనబోయి ఆగాను. ఆ అమ్మాయి గొంతులో నవ్వు లేదు.

ఇది 2023 సంగతి. నేను అకౌంట్స్‌లో పనిచేస్తాను. నా రెజ్యూమెలో 2019 సెప్టెంబర్ నుంచి ఒకటే కంపెనీ ఉంది. దానికి ముందు అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ మూడు నెలల చిల్లర చేసిన ఉద్యోగం ఒకటుంది, అది రాయలేదు. దాచాలని కాదు. మూడు నెలలది రాస్తే ఇంటర్వ్యూ అంతా "ఎందుకు మానేశారు" దగ్గరే ఆగిపోతుందని ట్యాలీ నేర్పిన సారే తీసేయమన్నాడు.

కానీ నా యూఏఎన్ తీసేయలేదు. జీతంలో పీఎఫ్ కట్ అయ్యేవాళ్లకి ఉండే పన్నెండంకెల నంబర్ అది. ఈ పద్ధతి 2014 అక్టోబర్‌లో వచ్చింది. అంతకుముందు కంపెనీ మారితే పీఎఫ్ నంబరూ మారేది. ఇప్పుడు ఎక్కడ చేరినా అక్కడి మెంబర్ ఐడీ వచ్చి ఈ ఒక్క నంబర్ కిందే చేరుతుంది. డబ్బు గల్లంతు కాకుండా మంచి ఏర్పాటే. కాకపోతే డబ్బుతో పాటు మనం ఎక్కడెక్కడ తిరిగామో ఆ చిట్టా కూడా ఒకేచోట పోగవుతుంది.

నంబర్ చెప్పినంత మాత్రాన కొత్త కంపెనీకి ఆ చిట్టా కనపడదు. అది పీఎఫ్ వెబ్‌సైట్లో నా లాగిన్‌లో ఉంటుంది. మరి వాళ్లకెలా తెలిసిందంటే, నేనే పంపాను. "సర్వీస్ హిస్టరీ, పాస్‌బుక్ స్క్రీన్‌షాట్లు పంపండి" అని వెరిఫికేషన్ వాళ్ల మెయిల్ వస్తే, ఆఫర్ ఎక్కడ పోతుందో అన్న భయంలో చూసుకోకుండా పంపేశాను. ఏం పంపానో ఆ ఫోన్ వచ్చిన రాత్రి కూర్చుని చదివాను.

సర్వీస్ హిస్టరీలో రెండు వరసలు. మొదటి దాంట్లో ఉన్న కంపెనీ పేరు నేనెప్పుడూ వినలేదు. నేను పనిచేసిన ఆఫీసు బోర్డు మీద ఇంకో పేరుండేది. మమ్మల్ని ఎవరో కాంట్రాక్టర్ లెక్కలో వేసి పీఎఫ్ కట్టారని నాలుగేళ్లకి తెలిసింది. చేరిన తేదీ సరిగ్గానే ఉంది. మానేసిన తేదీ దగ్గర ఖాళీ. వాళ్లు ఎక్కించలేదు. అంటే కాగితం ప్రకారం 2019 మే నుంచి నేనింకా అక్కడే ఉన్నాను.

పాస్‌బుక్ ఇంకా వాగుడుకాయ. నెలకి నా వాటా 960, అంటే బేసిక్‌లో పన్నెండు శాతం. కంపెనీ వాటాలో పెన్షన్‌కి 666, పీఎఫ్‌కి 294. మాలాంటి లెక్కలవాళ్లు చూస్తే నా బేసిక్ ఎనిమిది వేలని అరనిమిషంలో చెప్పేస్తారు. అదే 1,800 అని ఉంటే అంత తేలిగ్గా తెలియదు, చాలా కంపెనీలు బేసిక్ అంతకంటే ఎంత ఎక్కువున్నా పదిహేను వేల మీదే కడతాయి. పాస్‌బుక్ ఎందుకండీ అని ఒక్క మాట అడిగి ఉండాల్సింది.

పాన్ కూడా తక్కువదేం కాదు. అందులో ఐదో అక్షరం ఇంటిపేరులో మొదటిది. పెళ్లయ్యాక నా పేరు మార్పించుకున్నాను గానీ పాన్ నంబర్ మారదు కదా, అక్కడ ఇంకా మా పుట్టింటి జి కూర్చుని ఉంది. పెళ్లయిందా అని ఇంటర్వ్యూలో అడగక్కర్లేదన్నమాట. ఆధారే నయం, ఆ అంకెలకి అర్థమేమీ లేదు.

మానేసిన తేదీ మనమే ఎక్కించుకోవచ్చని ఆఫీసులో ఒక అక్క చెప్పింది. ఆ వెబ్‌సైట్లోనే మేనేజ్‌లోకి వెళ్లి మార్క్ ఎగ్జిట్ నొక్కాలి. ఓటీపీ ఆధార్‌కి లింకైన ఫోన్‌కి వస్తుంది. నాది ఖమ్మంలో మా నాన్న ఫోన్.

"నాన్నా, మెసేజ్ వచ్చిందా? అంకెలు చదువు."

"ఎవరికీ చెప్పొద్దని రాసుందమ్మా."

"నాకు చెప్పొచ్చు నాన్నా, నేనే అడిగా."

"ఆగు, కళ్లజోడు తెచ్చుకుంటా."

ఆయన కళ్లజోడు తెచ్చుకునేలోపు టైమ్ అయిపోయింది. మూడోసారికి కుదిరింది. కారణం దగ్గర 'సెసేషన్, షార్ట్ సర్వీస్' అన్నది పెట్టాను, కొన్నాళ్లే చేసి మానేశానని.

తేదీ దగ్గర మాత్రం చిక్కొచ్చింది. కంపెనీ చివరిసారి పీఎఫ్ కట్టింది ఏ నెలకో ఆ నెలలో తేదీయే వేయాలి. నేను మానేసింది ఆగస్టు 12న. ఆ పన్నెండు రోజుల జీతం వాళ్లు ఇవ్వలేదు, పీఎఫ్ కట్టే ప్రశ్నే లేదు. కాబట్టి జులై 31 అని వేశాను. అప్పట్లో ఒకసారి వేశాక మనంతట మనం మార్చుకోవడానికి లేదు.

హెచ్‌ఆర్ అమ్మాయికి పాత రాజీనామా మెయిల్ కూడా పంపాను. అందులో ఆగస్టు 12 అని ఉంది, సర్వీస్ హిస్టరీలో జులై 31 అని ఉంది. ఆమె మళ్లీ ఫోన్ చేసి, "మేడమ్, సిస్టమ్‌లో ఉన్నదే తీసుకుంటాం, ఓకేనా?" అంది. ఓకే అన్నాను. చేరడం పది రోజులు వాయిదా పడింది.

ఇప్పుడు రెజ్యూమెలో ఆ ఉద్యోగం కూడా రాస్తున్నాను, 2019 జులై 31 వరకు అని.