ప్రపంచ సాహిత్యం క్లాసులో మొదటి రోజు: పరిచయం ముందే రాసుకుని వెళ్లండి

నెల్లూరులో చేరినా ఒంగోలులో చేరినా ప్రపంచ సాహిత్యం పేపరుకి మొదటి క్లాసులో ఒక పని తప్పదు. ఒక్కొక్కరే లేచి తమ గురించి చెప్పుకోవాలి. అప్పుడు దాదాపు అందరి నోటా వచ్చేది ఇదే: పేరు, ఊరు, ఇంటర్ మార్కులు, ‘నా హాబీలు పుస్తకాలు చదవడం, పాటలు వినడం’. యాభై మంది ఇలా చెప్పాక ఎవరికి ఎవరు గుర్తుంటారు? సాహిత్యం క్లాసులో మార్కులతో పనిలేదు. మీరు ఎక్కడి నుంచి వచ్చి, ఏ భాషలో, ఎలా చదువుతారో తెలియాలి. ముందు రోజు రాత్రి అరగంట కూర్చుంటే ఆ నాలుగు మాటలూ సిద్ధమవుతాయి.

నిమిషం చాలు, మహా అయితే నిమిషంన్నర. తెలుగులో తొంభై, వంద మాటలైతే నిమిషానికి సరిగ్గా సరిపోతాయి. రాసుకోండి గానీ కాగితం చూసి చదవద్దు. తల వంచగానే గొంతు కిందికి పోతుంది, వెనక బెంచీలకి ఒక్క ముక్కా వినపడదు. ఫోనులో రికార్డు చేసుకుని వింటే ఎక్కడ పరిగెడుతున్నారో మీకే తెలుస్తుంది.

మార్కాపురం పిల్ల ఒకమ్మాయి ఇలా చెప్పిందనుకోండి:

‘నా పేరు ఫలానా. మాది మార్కాపురం, పలకల ఊరు. తెలుగు హాయిగా చదువుతాను. ఇంగ్లీషు నవలైతే గంటకి పది పేజీలు దాటవు. సిలబస్‌లో ప్రాచీన మెసొపొటేమియా రాజు గిల్గమేష్ కథ ఉంది కదా, అదీ పలకల మీద రాసిందే, కాకపోతే మట్టి పలకలు. పదకొండో పలక చదివాను. చావు లేకుండా బతకాలని వచ్చిన గిల్గమేష్‌ని, చావే లేని ఒక ముసలాయన ఆరు పగళ్లు, ఏడు రాత్రులు మేలుకుని ఉండు చూద్దాం అంటాడు. గిల్గమేష్ కూర్చోగానే నిద్రపోతాడు. ముసలాయన భార్య రోజుకొక రొట్టె కాల్చి తల దగ్గర పెడుతుంది. లేచి చూసేసరికి మొదటి రొట్టె ఎండిపోయి ఉంటుంది, ఏడోది ఇంకా నిప్పుల మీదే ఉంటుంది. మూలభాష రానివాళ్లం అనువాదం మంచిదో కాదో ఎలా తేల్చుకోవాలి? ఈ కోర్సులో నాకు తెలుసుకోవాలని ఉన్నది అదే.’

ఇందులో గొప్పలేమీ లేవు. ఊరికీ పుస్తకానికీ ఒక ముడి ఉంది, చదివే వేగం గురించి నిజం ఉంది, కళ్లకి కట్టే రొట్టెలున్నాయి, చివర్న ఒక ప్రశ్న ఉంది. క్లాసు అయ్యాక పొదిలి అబ్బాయో గిద్దలూరు అమ్మాయో వచ్చి ‘ఆ రొట్టెల కథేంది?’ అని అడుగుతారు. స్నేహం అక్కడ మొదలవుతుంది. చదవని పుస్తకం పేరు మాత్రం చెప్పకండి. మేష్టారు ‘ఏ ఘట్టం నచ్చింది?’ అంటే ఆ నిమిషమంతా వృథా.

ఇంగ్లీషులో చెప్పాల్సొస్తే ‘మైసెల్ఫ్ ఫలానా’ అని మొదలుపెట్టకండి. ఆ మాట వాక్యానికి కర్తగా నిలబడదు. ‘ఐ యామ్’ అని పేరు చెబితే సరి. ‘ఐ యామ్ కమింగ్ ఫ్రమ్ కనిగిరి’ అంటే ఇప్పుడే బస్సులో వస్తున్నానని అర్థం. ‘ఐ యామ్ ఫ్రమ్ కనిగిరి’ అనండి.

ఇక కోర్సు సంగతి. ప్రపంచ సాహిత్యం అనగానే యూరప్ పుస్తకాల జాబితా అనుకుని, మనమేదో ఖాళీ చేతులతో వచ్చామని చాలామంది బెదురుతారు. ఈ మాటని జనంలోకి తెచ్చిన జర్మన్ కవి గోథే 1827లో అది అన్నది ఒక చైనా నవల చదువుతున్న రోజుల్లో. అంతకు చాలా ముందే కాళిదాసు శాకుంతలం ఆయన్ని కట్టిపడేసింది. విలియం జోన్స్ 1789లో ఇంగ్లీషు చేశాడు, దాన్నుంచి ఫోర్‌స్టర్ 1791లో జర్మన్ చేశాడు, అది చదివి గోథే పద్యం రాశాడు. రెండు అనువాదాలు దాటి చేరిన నాటకం అది. మనం గిల్గమేష్‌ని, గ్రీకు కవి హోమర్‌ని చదివేదీ అలాగే.

పైగా మన నెల్లూరు తిక్కన ఊరు. మనుమసిద్ధి కొలువులో ఉన్న ఆ కవి విరాటపర్వం నుంచి చివరిదాకా పదిహేను పర్వాలు తెలుగు చేశాడు. ప్రకాశం పిల్లలైతే అద్దంకి రెడ్డిరాజుల దగ్గర ఉండి అరణ్యపర్వం మిగులు పూర్తిచేసిన ఎర్రనని తలుచుకోవచ్చు. విరాటపర్వం తెలిసినవాళ్లకి హోమర్ ఒడిస్సీ సగం చుట్టమే. అక్కడ కథానాయకుడు ఒడిస్యూస్ బిచ్చగాడి వేషంలో సొంతింటికి చేరి, 21వ భాగంలో తన విల్లు తానే ఎక్కుపెడతాడు. ఇక్కడ బృహన్నల జమ్మిచెట్టు మీది గాండీవం ఉత్తరుడి చేత దింపించి అందుకుంటాడు. దీన్ని చూసి ‘వాళ్లు మన దగ్గర కాపీ కొట్టారు’ అనేస్తే చర్చ అక్కడే చచ్చిపోతుంది. పోలికతో పాటు తేడా చెప్పండి: ఒకడు తన ఇల్లు దక్కించుకోవడానికి అక్కడ తిష్ఠ వేసినవాళ్లని చంపుతాడు, ఇంకొకడు ఆశ్రయమిచ్చిన రాజు ఆవులకోసం పోరాడతాడు. మంచి వ్యాసం ఆ తేడాలోంచే పుడుతుంది.

పిల్లలు ఎక్కువగా తడబడేది పేర్ల దగ్గర. హోమర్ వీరుడు అకిలీస్‌నే పీలియస్ కొడుకు అంటారు. రష్యన్ నవల ‘నేరము-శిక్ష’లో రోడియోన్, రోద్యా, రాస్కోల్నికోవ్ ఒకడే. కంగారు వద్దు. ఉత్తరుడు నమ్మలేక అడిగితే అర్జునుడు తన పది పేర్లూ, అవి ఎలా వచ్చాయో చెప్పింది విరాటపర్వంలోనే కదా. నోట్‌బుక్ చివరి పేజీలో ఒక్కో పాత్రకి ఒక్కో వరస కేటాయించి, కొత్త పేరు తగిలినప్పుడల్లా దాని పక్కన చేర్చండి.

ఒడిస్సీ 24 భాగాలు, పన్నెండు వేల పైచిలుకు పంక్తులు. అంటే భాగానికి సుమారు ఐదువందలు. రోజుకొక భాగం, వారానికి ఆరు, ఆదివారం సెలవు. నాలుగు వారాల్లో అయిపోతుంది. పరీక్ష ముందు వారానికి వదిలేస్తే గైడే గతి. గైడులో కథ ఉంటుంది, మాట ఉండదు. ప్రశ్నపత్రంలో పేరా ఇచ్చి వివరించమంటే అక్కడే చిక్కుకుంటారు.

కొనేముందు ఏ అనువాదమో అడగండి. ఒడిస్సీ మొదటి పంక్తిలోనే ఒడిస్యూస్ గురించి గ్రీకులో ‘పోలిట్రోపోస్’ అని ఒక మాట ఉంది. ‘పలు మలుపులవాడు’ అనుకోవచ్చు. ఎమిలీ విల్సన్ 2017 అనువాదంలో దాన్ని ‘కాంప్లికేటెడ్’ అంది. మలుపులు తిరిగింది దారా, బుద్ధా? అనువాదకులు ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. మీ చేతిలో ఒకటి, పక్కవాడి చేతిలో ఇంకొకటి ఉంటే క్లాసులో పేజీ కలవదు. పంక్తుల అంకెలు వేసిన ప్రతి అయితే వెతుక్కోవడం తేలిక. నెట్లో ఉచితంగా దొరికేవి ఎక్కువగా పాత అనువాదాలు. కొన్ని వచనంలో ఉంటాయి, పంక్తుల అంకెలుండవు, ఇంగ్లీషూ పాతకాలందే. నలుగురు కలిసి తలా ఒక పుస్తకం కొని మార్చుకుంటే ఖర్చు నాలుగో వంతుకి దిగుతుంది. మొదటి రోజు పరిచయాలు జరుగుతున్నప్పుడే చెవులొగ్గి వినండి, ఆ మిగతా ముగ్గురూ ఎవరో తెలిసిపోతుంది.