డయాలసిస్ వార్డు బయట చదివిన విలాపవాక్యములు

మా ఆయనకు రెండు కిడ్నీలూ పాడయ్యాయని తెలిసిన కొత్తలో ఇంటికి వచ్చినవాళ్ళంతా ఒకటే మాట అనేవారు: "విశ్వాసముంచండి, దేవుడు ముట్టి స్వస్థపరుస్తాడు." ప్రేమతోనే అనేవారు. కానీ ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టేది కాదు. రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ తగ్గకపోతే మా విశ్వాసం చాల్లేదనేగా అర్థం?

మిషనుతో రక్తం శుభ్రం చేసే డయాలసిస్ మొదలైంది. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. గుంటూరు మిర్చి యార్డులో ఆయన చేసే గుమాస్తా పని పోయింది. వైద్యం ఆరోగ్యశ్రీలో జరిగేది, కొన్నాళ్ళకు నెలకు 10,000 రూపాయల పింఛనూ వచ్చింది. అయినా అద్దె, పాప ఫీజు, ఆటో ఖర్చులు తలుచుకుంటే టెన్షనే. పొటాషియం తగ్గాలని కూరగాయలు కోసి ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, అప్పుడు వండేదాన్ని. చూడ్డానికి వచ్చినవాళ్ళు పాపం కొబ్బరిబోండాలు తెచ్చేవారు. వాటిలోనూ పొటాషియం ఎక్కువే, ఆయనకు అవి విషంతో సమానం. అన్నిటికన్నా కష్టం మంచినీళ్ళ దగ్గర. గుంటూరు ఎండల్లో దాహమని అడిగే మనిషికి కొలిచి పోయాలి. కోటా అయిపోతే చిన్న ఐసు ముక్క చేతిలో పెట్టేదాన్ని. ఆయన దాన్ని నాలుక మీద ఉంచుకుని, కరిగేదాకా కళ్ళు మూసుకునేవారు.

ఈలోగా ఒక ప్రార్థన బృందం వాళ్ళు డయాలసిస్ మానేసి ఉపవాస ప్రార్థనలో కూర్చోమన్నారు. మా అత్తగారు సగం ఒప్పుకున్నారు కూడా. సంగతి తెలిసి మా పాస్టరుగారు ఆ సాయంత్రమే వచ్చారు. "అమ్మా, ఒక్క డయాలసిస్ కూడా మానొద్దు. మిషను తిరుగుతుండగానే ప్రార్థన చేసుకుందాం" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. మా నాయనమ్మ కుగ్లర్ ఆసుపత్రిలో నర్సు. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చి, 1898లో ఆ ఆసుపత్రి తెరిచారు. ఆవిడ ప్రభువు పనిగా భావించి చేసింది వైద్యమే. ఆ ఊళ్ళో పుట్టి, మందుకూ ప్రార్థనకూ పడదని నేనెలా నమ్మను?

పాస్టరుగారు నన్ను చదవమన్నది స్వస్థత వాక్యాలు కాదు, బైబిల్లోని విలాపవాక్యములు అనే గ్రంథం. బబులోనువాళ్ళు యెరూషలేమును నేలమట్టం చేశాక ఏడ్చిన ఏడుపు అది, ఐదు అధ్యాయాలు. దేవుడు నా ప్రార్థన వినకుండా చెవి మూసుకున్నాడని మూడో అధ్యాయంలో భక్తుడు నిష్ఠూరంగానే అంటాడు. అదే అధ్యాయంలో కాస్త కిందికి వస్తే, "అనుదినము నూతనముగా ఆయనకు వాత్సల్యత పుట్టుచున్నది." చిన్నప్పటి నుంచీ విన్న వాక్యమే. కానీ దాని తర్వాత ఏముందో ఎప్పుడూ గమనించలేదు. పట్టణం బాగుపడదు, ఏడుపు ఆగదు, పుస్తకం చివరి వచనం కూడా మొరే. నిరీక్షణ, అంటే ఆశ, ఆ గ్రంథం చివర్లో కాకుండా ఆ శిథిలాల మధ్యలోనే ఉంది. వార్డు బయట ఇనుప కుర్చీలో కూర్చుని అది గ్రహించిన రోజు వెక్కివెక్కి ఏడ్చాను. ఏడవడం అవిశ్వాసం కాదని అప్పుడు తెలిసింది.

నా ప్రార్థన చిన్నదైపోయింది. "ఈ పూట బీపీ పడిపోకుండా చూడు ప్రభువా." అంతే. సాయంత్రం ఆయన నడిచి ఆటో ఎక్కితే స్తోత్రం. స్త్రీల కూడికలో ఒక అక్క, డయాలసిస్ రోజుల్లో మా పాపను బడి నుంచి తీసుకెళ్ళి అన్నం పెట్టి, హోంవర్కు కూడా చేయించేది. దేవుడు మమ్మల్ని మర్చిపోలేదని నాకు ప్రసంగాలకన్నా ఆ అక్కే ఎక్కువ నమ్మకం కలిగించింది.

ఆయన ఇంకా డయాలసిస్ మీదే ఉన్నారు. అవయవదానం చూసే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించి, కిడ్నీ కోసం ఎదురుచూస్తున్నాం. తెలిసినవాళ్ళ కొట్లో పూటపూటా లెక్కలు రాస్తున్నారు. వార్డులో కొత్తవాళ్ళు కనిపిస్తే, పొద్దున్నే ఫిస్టులా మీద, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో రక్తనాళాలు కలిపిన చోట, వేళ్ళు పెట్టి జుమ్మంటోందో లేదో చూసుకోమనీ, ఆగినట్టనిపిస్తే వెంటనే ఆసుపత్రికి రమ్మనీ చెబుతారు. వాళ్ళ ఇంటివాళ్ళు అడిగితే నేను పక్కన కూర్చుని ప్రార్థన చేస్తాను. తప్పకుండా నయమైపోతుందని మాత్రం ఎవరికీ మాటివ్వను.