యూనివర్సిటీలో ఎదురుచూపులు తగ్గించే టెక్నాలజీ

యూనివర్సిటీలో టెక్నాలజీ అనగానే చాలామంది క్లాసులో స్మార్ట్ బోర్డు, సెమినార్ హాల్లో పెద్ద తెర చూపిస్తారు. నేను వాటిని పెద్దగా పట్టించుకోను. పాఠాలు చెప్పే పనిలోనూ పరీక్షల సెక్షన్ పనిలోనూ మునిగి తేలాను కాబట్టి నేను చూసేది ఒక్కటే, విద్యార్థి ఎదురుచూసే సమయం తగ్గిందా లేదా అని. డౌట్ తీరడానికి ఎదురుచూపు, మార్కులకు ఎదురుచూపు, సర్టిఫికెట్‌కి ఎదురుచూపు, ఒక్క సంతకం కోసం ఎవరో సీట్లోకి వచ్చేదాకా ఎదురుచూపు. చదువు మధ్యలో మానేసిన పిల్లలతో మాట్లాడితే ఏదో ఒక పెద్ద కారణం కంటే ఇలాంటి చిన్న చిన్న ఆలస్యాలు పోగుపడిన సంగతే నాకు ఎక్కువగా వినిపించింది. అందుకే ఆ ఎదురుచూపును తగ్గించే సాఫ్ట్‌వేర్ ఎంత సాదాగా ఉన్నా నాకు ఇష్టమే.

ముందు క్లాసు సంగతి. వంద మంది కూర్చున్న హాల్లో "అర్థమైందా?" అని అడిగితే ముందు బెంచీల్లో నలుగురు తలూపుతారు, మిగతావాళ్లు తల దించుకుంటారు. అర్థం కాలేదన్న సంగతి పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు గానీ బయటపడదు, అప్పటికి సెమిస్టర్ అయిపోతుంది. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990ల మొదట్లోనే దీనికి ఒక పద్ధతి మొదలుపెట్టారు. కాసేపు పాఠం చెప్పి, సూత్రంలో అంకెలు వేస్తే తేలిపోయేది కాకుండా విషయం అర్థమైతేనే చెప్పగలిగే ప్రశ్న ఒకటి వేస్తారు. ఎవరికి వాళ్లు జవాబు ఎంచుకుంటారు, తర్వాత పక్కవాళ్లతో వాదించుకుంటారు, మళ్లీ జవాబిస్తారు. మొదట్లో దీనికి చేతులెత్తేవారు, తర్వాత జవాబు నొక్కే చిన్న రిమోట్లు, అంటే క్లిక్కర్లు వచ్చాయి, ఇప్పుడు అందరి చేతుల్లో ఫోనే ఉంది.

ఒక ఉదాహరణ చెప్తాను. నిలువుగా పైకి విసిరిన బంతి అన్నింటికంటే పైన ఒక్క క్షణం ఆగుతుంది కదా, ఆ క్షణంలో దాని త్వరణం ఎంత? ఫోన్లలో జవాబులు పడుతుంటే తెర మీద గీతలు పెరుగుతాయి, "సున్నా" అన్న గీత చాలాసార్లు అన్నింటికంటే పొడుగ్గా లేస్తుంది. సరైన జవాబు ఏదో నేను చెప్పను, పక్కవాళ్లతో తేల్చుకోమంటాను. హాలంతా గోల. "వేగం సున్నా అయినప్పుడు త్వరణం కూడా సున్నానే కదరా" అని ఒకడు, "అలా అయితే బంతి అక్కడే గాల్లో ఉండిపోవాలి కదా, మరి కిందికెందుకు వస్తోంది?" అని పక్కన ఉన్న అమ్మాయి. ఆ ఒక్క ప్రశ్నతో ఆ బెంచీ అంతా మారిపోతుంది. రెండోసారి జవాబులు అడిగేసరికి గీతలు తారుమారవుతాయి. మొదటిసారి సరైన జవాబులు 30 శాతం కంటే తక్కువ వస్తే మళ్లీ పాఠం చెప్పాలి, 70 శాతం దాటితే ముందుకెళ్లిపోవచ్చు, మధ్యలో ఉంటే వాదించుకోనివ్వాలి అన్నది మజూర్ పద్ధతిలో వాడే లెక్క, చాలా పనికొచ్చే లెక్క. ఫోన్ వల్ల వచ్చిన లాభం ఏంటంటే ఎవరేం నొక్కారో పక్కవాళ్లకి కనపడదు, కాబట్టి నోరు విప్పడానికి మొహమాటపడే పిల్లలు కూడా జవాబిస్తారు. నాకేమో ఎక్కడ తడబడుతున్నారో ఆ నిమిషంలోనే తెలిసిపోతుంది.

ఇది నా ఒక్కదాని అనుభవమే అనుకుంటారేమో. 2014లో సైన్స్, ఇంజనీరింగ్, మ్యాథ్స్ క్లాసుల మీద అప్పటికి వచ్చిన 225 అధ్యయనాలను కలిపి చూశారు. ఉపన్యాసం మాత్రమే చెప్పిన క్లాసుల్లో సగటున 33.8 శాతం ఫెయిలైతే, విద్యార్థులతో ఏదో ఒకటి చేయించిన క్లాసుల్లో 21.8 శాతమే ఫెయిలయ్యారు. అయితే ఇందులో ఎక్కువ వాటా ప్రశ్న తయారు చేసిన టీచర్‌దే, ఫోన్ వాటా తక్కువ. మంచి ప్రశ్న ఆలోచించడానికి నాకు ఒక్కోసారి ఒక పూట పడుతుంది, ఆ పనిని ఏ యాప్ తప్పించలేదు.

ఇక దిద్దడం. ఇందులో వచ్చిన మార్పు చూస్తే నాకు నిజంగా సంతోషం. పేపర్లు స్కాన్ చేసి ఎక్కించాక, ఒకళ్ల పేపర్ మొత్తం అయ్యాక ఇంకొకళ్ల పేపర్ అని కాకుండా, అందరి మూడో ప్రశ్న జవాబులూ వరసగా తెర మీదికి వస్తాయి, పేర్లు కనిపించకుండా దాచేయొచ్చు. గ్రేడ్‌స్కోప్ లాంటివి చేసే పని ఇదే. అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీలో టీచింగ్ అసిస్టెంట్లుగా ఉన్నవాళ్లు తయారు చేసిన సాఫ్ట్‌వేర్ కాబట్టి దిద్దేవాళ్ల కష్టం అందులో కనిపిస్తుంది. "పద్ధతి సరే, యూనిట్లు తప్పు, రెండు మార్కులు కోత" అని ఒకసారి రాసి పెట్టుకుంటే అదే తప్పు చేసిన ప్రతి పేపర్‌కీ ఒక్క నొక్కుతో తగిలించొచ్చు. నలభయ్యో పేపర్‌కి వచ్చేసరికి రెండు మార్కులు మరీ ఎక్కువ కోసేస్తున్నామేమో అనిపించిందనుకోండి, దాన్ని ఒకటిగా మారిస్తే ముందు దిద్దిన వాటన్నింటిలోనూ అదే మారిపోతుంది. కాగితాల మీద అయితే కట్టిన బండిల్ విప్పి మళ్లీ మొదట్నుంచి ఎవరు చూస్తారు? పొద్దున్నే ఓపికగా దిద్దిన పేపర్‌కీ రాత్రి పదింటికి కళ్లు మండుతూ దిద్దిన పేపర్‌కీ మధ్య తేడా ఎప్పుడూ ఉండేది, ఆ తేడాకి బలయ్యేది పిల్లలు. కూడికల్లో పొరపాట్లు కూడా పోయాయి, ఏదైనా జవాబు దిద్దకుండా వదిలేస్తే వెంటనే చూపిస్తుంది.

వీటన్నింటికంటే ముఖ్యం, తిరిగొచ్చే వేగం. అసైన్‌మెంట్ ఇచ్చిన రెండు నెలలకు పక్కన ఎర్ర ఇంకుతో ఎంత బాగా వ్యాఖ్య రాసినా విద్యార్థి చూసేది మార్కు ఒక్కటే, ఎందుకంటే ఆ లెక్క ఎలా ఆలోచించాడో అతనికే గుర్తుండదు. అదే వ్యాఖ్య మూడు రోజుల్లో చేతికొస్తే తర్వాతి అసైన్‌మెంట్‌లో ఆ తప్పు ఉండదు. ఎంతమంది ఏ తప్పు చేశారో లెక్క కూడా వస్తుంది కాబట్టి మర్నాటి క్లాసు ఎక్కడ మొదలుపెట్టాలో నేను వెతుక్కోనక్కర్లేదు.

కోర్సులు నడపడానికి వాడే మూడుల్ గురించి రెండు మాటలు. ఆస్ట్రేలియాకు చెందిన మార్టిన్ డుగియామస్ తయారు చేసిన ఈ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మొదటి వెర్షన్ 2002లో వచ్చింది, ఇప్పుడు ప్రపంచంలో లెక్కలేనన్ని కాలేజీలు దాని మీదే నడుస్తున్నాయి. నోట్స్, క్విజ్, గడువు తేదీ, మార్కులు అన్నీ ఒకేచోట ఉండటం వినడానికి చిన్న విషయమే, కానీ ఒక సబ్జెక్టు నోట్స్ వాట్సాప్‌లో, ఇంకోటి మెయిల్లో, మూడోది జిరాక్స్ షాపులో ఉన్న పిల్లల్ని అడిగితే దాని విలువ చెప్తారు. రికార్డు చేసిన పాఠాలూ అంతే. క్లాసుకి రావడం మానేస్తారని నా తోటివాళ్లు కొందరు భయపడతారు, ఆ భయంలో నిజం లేకపోలేదు, కొందరు మానేస్తారు కూడా. కానీ పాఠం చెప్పే భాష తన భాష కానివాళ్లు, సరిగా వినపడనివాళ్లు, పగలు ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్లు అదే పాఠాన్ని ఆపి, వెనక్కి తిప్పి, కింద అక్షరాలు చదువుకుంటూ వినగలగడం మాత్రం చాలా పెద్ద మేలు. ఆ కొందరి కోసం వీళ్ల దారి మూసేయడం నాకు న్యాయం అనిపించదు.

ఇప్పుడు ఆఫీసు. డిగ్రీ అయిపోయిన అమ్మాయికి పైచదువు కోసం ట్రాన్‌స్క్రిప్ట్, అంటే మొత్తం కోర్సు మార్కుల పత్రం కావాలి. అప్లికేషన్ ఇచ్చింది, సెక్షన్‌కి వెళ్లింది, అక్కడ పాత రికార్డులతో సరిచూడాలన్నారు, ఆ బీరువా తాళం ఉన్నతను సెలవు, వచ్చాక ఫైలు సూపరింటెండెంట్ దగ్గరికి, అక్కడి నుంచి ఇంకో సంతకానికి. ఎన్ని రోజులు పట్టినా ఓర్చుకోవచ్చు, కానీ ఫైలు ఎక్కడ ఆగిందో ఎవరికీ తెలియకపోవడమే అసలు టెన్షన్. ఆన్‌లైన్ వ్యవస్థ సరిగ్గా పెడితే మొదట పోయేది ఈ టెన్షనే, ఏ టేబుల్ మీద ఏ తేదీ నుంచి ఉందో ఆ అమ్మాయికీ కనపడుతుంది, పై అధికారికీ కనపడుతుంది. కనపడటం మొదలయ్యాక ఫైళ్లు వాటంతట అవే వేగం అందుకోవడం నేను చూశాను. సర్టిఫికెట్ మీద క్యూఆర్ కోడ్, డిజిటల్ సంతకం ఉంటే అవతలి యూనివర్సిటీ వాళ్లు ఉత్తరాలు రాసి నెలల తరబడి ఆగకుండా అక్కడికక్కడే అసలుదో కాదో చూసుకుంటారు.

కానీ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఏడు సంతకాలు అవసరమయ్యే పనిని అలాగే కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే ఏడు లాగిన్‌లు అవసరమయ్యే పని అవుతుంది, అంతే. ఫారం ఆన్‌లైన్‌లో నింపి, ప్రింట్ తీసి, సంతకం పెట్టించి, స్కాన్ చేసి, మళ్లీ అప్‌లోడ్ చేయమనే చోట్లు ఇప్పటికీ ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ కొనేముందు ఆ ఏడు సంతకాల్లో నిజంగా ఎన్ని కావాలో ఒక గదిలో కూర్చుని తేల్చుకోవాలి. ఆ పని చేసిన చోటే మార్పు కనిపించింది.

బయటికి కనపడని ఇంకో పని పరీక్షల టైమ్‌టేబుల్. ఒకే విద్యార్థి రాయాల్సిన రెండు పేపర్లు ఒకే పూట పడకూడదు. వినడానికి సులువే, కానీ విద్యార్థులే ఎంచుకునే సబ్జెక్టులు, అంటే ఎలెక్టివ్‌లు పెరిగేకొద్దీ ఇది తల తిరిగే చిక్కు. సబ్జెక్టుల్ని చుక్కలుగా, రెండింటికీ ఉమ్మడి విద్యార్థులుంటే మధ్యలో గీతగా గీసి, గీత కలిపే రెండు చుక్కలకు ఒకే రంగు పడకుండా రంగులు వేయడమన్నమాట, ఒక్కో రంగు ఒక్కో పూట. 1967లోనే వెల్ష్, పావెల్ అనే ఇద్దరు ఇదే లెక్కను టైమ్‌టేబుళ్లకు ఎలా వాడాలో రాశారు. వాళ్ల పద్ధతి వెనకున్న ఆలోచన నాకు భలే నచ్చుతుంది, అన్నింటికంటే ఎక్కువ గొడవలున్న సబ్జెక్టును ముందు తేల్చేయాలి. గోడకు చార్టు అంటించి పెన్సిలుతో కొట్టివేతలు చేస్తూ వారాలు గడిపిన పనిని ఇప్పుడు కంప్యూటర్ తక్కువ టైంలో చేసి ఇస్తుంది. ఆ తర్వాత మనిషి చూడాల్సింది మిగులుతుంది, వరసగా రెండు రోజులు కష్టమైన పేపర్లు పడ్డ బ్యాచ్ ఏదైనా ఉందా అని.

అట్లాంటాలోని జార్జియా స్టేట్ యూనివర్సిటీ కథ మాత్రం ప్రతి రిజిస్ట్రార్‌కీ చెప్పాలనిపిస్తుంది. 2012 నుంచి వాళ్లు ఒక్కో విద్యార్థి విషయంలో 800కు పైగా ప్రమాద సంకేతాలను రోజూ చూసే వ్యవస్థ నడుపుతున్నారు. అవసరం లేని కోర్సులో చేరడం, ముఖ్యమైన మొదటి కోర్సులో తక్కువ గ్రేడు రావడం లాంటివి కనపడగానే సలహాదారుడికి కబురు వెళ్తుంది, ఆయన విద్యార్థిని పిలిచి మాట్లాడతారు. ఇది పనిచేయడానికి కారణం సాఫ్ట్‌వేర్ ఒక్కటే కాదు, దానితోపాటు సలహాదారులను కూడా అదనంగా పెట్టుకున్నారు. ఫీజులో చిన్న మొత్తం బాకీ పడి పేరు తీసేసే దశకు వచ్చినవాళ్లను రికార్డుల్లోంచే వెతికి, వాళ్లు అప్లికేషన్ పెట్టకుండానే ఆ బాకీ తీర్చే గ్రాంట్లు కూడా ఇస్తున్నారు. 2016లో సీటు వచ్చినవాళ్ల సందేహాలకు మెసేజ్‌ల్లో జవాబిచ్చే చాట్‌బాట్ పెడితే, సీటు వచ్చినా చేరకుండా జారిపోయేవాళ్లు సుమారు ఐదో వంతు తగ్గారు. రాత్రి పన్నెండింటికి ఫీజు ఫారం ముందు కూర్చున్న పిల్లాడికి అప్పుడే జవాబు దొరకడం మామూలు సంగతి కాదు.

అదే 2016లో, అదే ఊళ్లోని జార్జియా టెక్‌లో అశోక్ గోయల్ తన ఆన్‌లైన్ కోర్సులో జిల్ వాట్సన్ అనే ఏఐ అసిస్టెంట్‌ను పెట్టారు. గడువు ఎప్పుడు, ఫైలు ఏ రూపంలో ఇవ్వాలి లాంటి మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలకు అది జవాబిచ్చేది, 97 శాతం నమ్మకం ఉంటేనే నోరు విప్పేది. ఆ చివరి నియమం ఇప్పటి చాట్‌బాట్‌లకూ ఉంటే ఎంత బాగుండు అనిపిస్తుంది.

2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చాక యూనివర్సిటీలు ముందు పరుగెత్తింది ఏఐతో రాయించిన వాటిని పట్టుకునే సాఫ్ట్‌వేర్ల (డిటెక్టర్ల) వైపు. ఇది నాకు బాధ. ఓపెన్‌ఏఐ తానే తయారు చేసిన డిటెక్టర్‌ను సరిగ్గా పట్టుకోవట్లేదని 2023 జులైలో తీసేసింది. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లు టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్షకు సొంతంగా రాసిన వ్యాసాల్లో సగానికి పైగా ఏఐ రాసినవేనని డిటెక్టర్లు తప్పుగా తేల్చినట్టు స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు అదే ఏడాది చూపించారు. మన పిల్లలంతా ఆ జాబితాలోకే వస్తారు. అనుమానం వస్తే విద్యార్థిని పిలిచి పది నిమిషాలు ఇచ్చిన వ్యాసం గురించి అడగండి, రాసినవాళ్లెవరో తెలిసిపోతుంది. ఆ పది నిమిషాలు నాకు దొరుకుతున్నాయంటే దిద్దే పనిలో మిగిలిన టైం వల్లే.

ఇంకో హెచ్చరిక. 2020లో కోవిడ్ వల్ల పరీక్షలు రద్దయ్యాక ఇంగ్లండ్‌లో యూనివర్సిటీ సీట్లకు ఆధారమైన ఏ-లెవెల్ పరీక్షల గ్రేడ్లను ఒక అల్గారిథం తేల్చింది, టీచర్లు అంచనా వేసిన గ్రేడ్లలో దాదాపు 40 శాతం తగ్గిపోయాయి, పిల్లలు రోడ్డెక్కారు, కొద్ది రోజుల్లోనే దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఎవరికి సాయం కావాలో కంప్యూటర్ చూపించడం వేరు, ఎవరి భవిష్యత్తు ఏంటో అదే నిర్ణయించడం వేరు.

కొత్త సాఫ్ట్‌వేర్ డెమోకి డీన్‌లు, డైరెక్టర్లు మాత్రమే కూర్చుంటారు, ఇది మారాలి. ఫస్టియర్ విద్యార్థిని ఒకరిని, రోజూ కౌంటర్లో కూర్చునే క్లర్కుని, అయిదు సెక్షన్లకు పాఠం చెప్పే కాంట్రాక్ట్ లెక్చరర్‌ని కూర్చోబెట్టండి. రేపు కంపెనీ మారితే మా డేటా మొత్తం మాకు తిరిగి ఇస్తారా, నెట్ లేని రోజు ఏం చేయాలి, పాత ఫోన్‌లో తెరుచుకుంటుందా అని వాళ్లనే అడగనివ్వండి. ఆ సాఫ్ట్‌వేర్ అమ్మే కుర్రాడి లాప్‌టాప్‌లో కాకుండా ఆ విద్యార్థి ఫోన్‌లోనే తెరిచి చూపించమనండి.