మీథింక్స్ అంటే 'అనుకుంటున్నాను' కాదు

డిగ్రీలో చదివిన షేక్స్‌పియర్ నాటకం హ్యామ్లెట్ పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. మూడో అంకం, రెండో రంగం. నాటకంలో ఆడే ఇంకో నాటకంలోని రాణి మళ్ళీ పెళ్ళాడనని ఒట్లు పెట్టుకుంటుంటే చూస్తున్న హ్యామ్లెట్ తల్లి గెర్ట్రూడ్, ఆవిడ మరీ ఎక్కువ 'ప్రొటెస్ట్' చేస్తోందని అంటుంది. అప్పట్లో ఆ మాటకు నిరసన అని కాదు, గట్టిగా ప్రమాణం చేయడమని అర్థం. ఆ వాక్యం చివర 'మీథింక్స్' అని ఉంటుంది. దాని పక్కన నేను పెన్సిల్‌తో 'ఐ థింక్, అనుకుంటున్నాను' అని రాసుకున్నాను. కానీ 'ఐ' ఉండాల్సిన చోట 'మీ' (me) ఎందుకుందో అర్థమయ్యేది కాదు.

చాలా ఏళ్ళకి పాత ఇంగ్లీషు, అంటే వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషు, వ్యాకరణం తిరగేస్తుంటే జవాబు దొరికింది. ఆ భాషలో రెండు వేరువేరు క్రియలు ఉండేవి. థెన్చన్ అంటే ఆలోచించడం. థ్యున్చన్ అంటే తోచడం, అనిపించడం. మీథింక్స్ ఈ రెండోదాని నుంచి వచ్చింది. అందులోని 'మీ'కి 'నాకు' అని అర్థం. అంటే అచ్చంగా మన 'నాకు అనిపిస్తోంది'! ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. వెంటనే పాత రాత చెరిపేసి ఆ రెండు మాటలూ రాశాను.

తర్వాతి శతాబ్దాల్లో ఆ రెండు క్రియల ఉచ్చారణా కలిసిపోయి ఒకే 'థింక్' మిగిలింది. భూతకాలంలోనూ రెండూ 'థాట్' అయ్యాయి. విభక్తి ప్రత్యయాలు అరిగిపోయేసరికి, క్రియకు ముందున్న మాటే కర్త అనే అలవాటు బలపడింది. అనిపించడం పోయి అనుకోవడం నిలిచింది.

'లైక్' కూడా ఇదే దారి పట్టింది. చివరి అంకంలో హ్యామ్లెట్ కత్తి ఎంచుకుంటూ 'దిస్ లైక్స్ మీ వెల్' అంటాడు. ఇది నాకు బాగా నచ్చింది అని. నచ్చే పని కత్తిది, హ్యామ్లెట్‌ది కాదు. 'లిస్ట్' అనే ఇంకో క్రియ ఉండేది, మనసు పుట్టడం అనే అర్థంలో. అది పోయినా 'లిస్ట్‌లెస్' మిగిలింది. ఏదీ చేయబుద్ధి కాని స్థితి.

మీథింక్స్ నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇంగ్లీషు కవి మిల్టన్ రాసిన ఒక సానెట్‌లో, అంటే పద్నాలుగు పాదాల పద్యంలో, ఉంది. 1652 నాటికి ఆయనకు చూపు పూర్తిగా పోయింది. ఆ తర్వాత, చనిపోయిన భార్య కలలోకి వచ్చినట్టు రాసిన పద్యం 'మెథాట్ ఐ సా' అని మొదలవుతుంది. మెథాట్ అంటే మీథింక్స్‌కు భూతకాలం. దాన్ని 'చూశాననుకున్నాను' అని తెలుగు చేస్తే నాకు మనసొప్పదు. పొరపాటు పడ్డవాడి మాటలా ఉంటుంది. 'చూసినట్టు అనిపించింది' అంటే ఆ కల ఆయన పిలవకుండానే వచ్చింది. ఆమె కౌగిలించుకోబోతూ వంగుతుంది, ఆయనకు మెలకువ వస్తుంది, తెల్లవారగానే మళ్ళీ చీకటి.